ఆకుపచ్చ టోపీ పెట్టుకోని మాస్టారు

మా మాస్టారు పోయారు. షికాగోలో తానుండే వీధి చివర, చిల్లర వేసి బట్టలుతుక్కునే దుకాణంలో, ఆరబెట్టే మెషీన్ తిరుగుతుండగా, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారు. మధ్యాహ్నం నేను ఆస్పత్రిలో డ్యూటీలో ఉండగా మావారు ఫోన్ చేసి చెప్పారు. "గుండె ఆగిందట. పక్కన కూర్చున్నావిడ కునుకు తీస్తున్నారనుకుందట" అన్నారు.

తర్వాత పేపర్లో వచ్చింది. ఐర్లండ్ నుంచి వచ్చి మన నగరాన్ని సంగీతంతో నింపిన మహాకళాకారుడు చేతిలో ఫిడేలుతో కన్నుమూశారని రాశారు. చదివి పేపరు చెత్తబుట్టలో పడేసి, చెయ్యి కడుక్కున్నాను. ఆయన చేతిలో ఫిడేలు లేదు. ఒక మేజోడు ఉంది. రెండోది ఒళ్ళో బట్టల్లో ఎక్కడో ఉంది. మేజోళ్ళు జతచేసుకుంటూ పోయిన మనిషికి ఫిడేలు తగిలిస్తేగానీ వీళ్ళకి తృప్తి లేదు. బతికినంతకాలం ఆయన పాటని అలంకరించి అమ్ముకున్నవాళ్ళు చావునీ అలంకరించారు.

ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాద్దామనే కూర్చున్నాను. కానీ ఆయన్ని తలుచుకుంటే ప్రేమతో పాటు రోత కూడా వస్తోంది. ఆయన మీద కాదు, ఆయన చుట్టూ జరిగినదాని మీద. రెంటినీ విడదీసి రాయడం నాకు చేతకాదు.

నాది బాపట్ల దగ్గర ఊరు. మా వైపు చర్చిని గుడి అనే అంటాం. ఆ గుడిలో కీర్తనలకి వయొలిన్ తోడైతే నిండుగా ఉంటుందని మా నాన్న గుంటూరులో ఒక పంతులుగారి దగ్గర నాకు నేర్పించారు. డెబ్బైల చివర్లో నర్సు ఉద్యోగం దొరికి, మావారూ నేనూ షికాగో వచ్చి, ఒక పాత రెండంతస్తుల ఇంట్లో పై వాటా తీసుకున్నాం. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి నేల మీద కూర్చుని వాయించుకుంటున్నాను. ఎవరో తలుపు కొట్టారు. తీస్తే, నలిగిన గోధుమరంగు కోటులో చెదిరిన జుట్టుతో ఒక తెల్లాయన. కింది వాటా ఆయన.

"సారీ, శబ్దం ఎక్కువైందా?" అన్నాను.

"ఆ స్వరం మీంచి ఈ స్వరానికి జారావు చూడు, అది మళ్ళీ జారు" అన్నారాయన. లోపలికి రమ్మనకుండానే వచ్చి, వయొలిన్ తల పాదానికి ఆనించి వాయించే మన పద్ధతిని వంగి వంగి చూశారు. తనూ అలా కూర్చోబోయారు. మోకాళ్ళు మడతపడలేదు. "చిన్నప్పుడు మా నాన్న నన్ను ఇలా కూర్చోబెట్టి నేర్పి ఉంటే, పాఠం మధ్యలో పారిపోయే వీలుండేది కాదు" అని గోడ పట్టుకుని లేచారు.

ఆయన తండ్రి ఫిడేలు వాయించేవాడు. ఐర్లండ్ పడమటి తీరంలో చిన్న ఊరు. పెళ్ళికీ చావుకీ ఆ ఇంటివాళ్ళే వాయించాలి. మాస్టారు పెద్దయ్యాక డబ్లిన్ వెళ్ళి నాటక కంపెనీల్లో తెర వెనక వాయించారు. నాటకం కట్టడం అక్కడే నేర్చుకున్నారు. అమెరికాలో నాటకాలు వేద్దామని వచ్చి, పొట్ట గడవక బార్లలో వాయించేవారు. నాకు కథకి తగ్గట్టు వాయించడం నేర్పింది ఆయనే, అందుకే మాస్టారు. ఆ మాట నేర్పిస్తే "మాస్తారు" అని తనని తాను పిలుచుకునేవారు. నల్లటి టీ జామ్ సీసాలో పోసుకుని తాగేవారు. మా గోంగూర పచ్చడి బ్రెడ్డు మీద రాసుకుని తిని, కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే ఇంకో ముక్క అడిగేవారు.

ఒకసారి మా ఇంట్లో పాలు విరిగితే "ఛీ" అన్నాను. అదేమిటని అడిగారు. చెప్పాను. "ఇంత చిన్న మాటలో ఇంత రోతా! ఇంగ్లీషువాళ్ళు ఎంత వెనకబడ్డారు!" అన్నారు. ఆనాటి నుంచి ఆ మాట ఆయనదైపోయింది.

దాని అవసరం ఎంతో నేను ఒక మార్చి నెలలో చూశాను. ఐరిష్ వాళ్ళ పండగ. మావారూ నేనూ ఆయన వాయించే బారుకి వెళ్ళాం. బీరులో ఆకుపచ్చ రంగు. జనం నెత్తిన ఆకుపచ్చ ప్లాస్టిక్ టోపీలు. నేల మీద వాంతులు. వాటి మీద ఆకుపచ్చ కాగితం ముక్కలు. మాస్టారు కళ్ళు మూసుకుని నెమ్మదిగా ఒక రాగం లాంటిది వాయిస్తుంటే, ఒకడు తూలుతూ వచ్చి ఆయన నెత్తిన టోపీ పెట్టాడు. "నవ్వవయ్యా, నువ్వు ఐరిష్‌వాడివి!" అన్నాడు. మాస్టారు కమాను ఆపలేదు. వాయిస్తూనే లేచి, చెత్తడబ్బా దాకా నడిచి, తల వంచారు. టోపీ అందులో పడింది. వెనక్కొచ్చి కూర్చుని పాట పూర్తిచేశారు. మర్నాటి నుంచి ఆ బారు వాళ్ళు రావద్దన్నారు.

"పాట అడిగినవాడి కోసం వాయించకు. వినేవాడి కోసం వాయించు. ఇద్దరూ ఒకడే కావడం అరుదు" అనేవారు.

అప్పుడు మొదలైంది ఆయన సొంత నాటకశాల. మూతపడిన టైర్ల కొట్టు. ఎంత కడిగినా రబ్బరు వాసన పోయేది కాదు. పగలు ఉద్యోగాలు చేసుకునే నటులు కొందరు, వయొలిన్‌తో నేను. ఆయన దగ్గర వాద్యాలు తెర వెనక ఉండవు. వాయించేవాళ్ళు కూడా పాత్రలే.

మొదటి నాటకం శోకాలు పెట్టే ఒక ముసలావిడ గురించి. ఐర్లండ్‌లో పూర్వం చావు ఇంటికి వచ్చి, శవం పక్కన కూర్చుని, పోయినవాడి గుణగణాలు చెప్పి ఏడ్చే ఆడవాళ్ళు ఉండేవారట. చర్చి ఫాదర్లు అది అనాగరికమని మాన్పించారు. మాస్టారి నాటకంలో ఆ ముసలావిడ, ఏడవకూడదన్న ఆజ్ఞ ఉన్నా చావు ఇంటికి వస్తుంది. వచ్చి నోరు మూసుకుని కూర్చుంటుంది.

"మీ వైపు ఉందా ఇలా?" అని అడిగారు నన్ను.

ఉందని చెప్పాను. మా తాత పోయినప్పుడు మా నాయనమ్మ జుట్టు విప్పుకుని శోకాలు పెడుతుంటే గుడి అయ్యగారు వచ్చి, "ఊరుకో అమ్మా, పరలోకంలో కలుస్తామన్న నిరీక్షణ లేనివాళ్ళలా మనం ఏడవకూడదు" అన్నారు. నాయనమ్మ కళ్ళు తుడుచుకోకుండానే, "నిరీక్షణ ఆయనకి ఉందిలే అయ్యగారూ, నాకు మొగుడు లేడు" అంది.

మాస్టారు టీ సీసా కింద పెట్టేశారు. "ఆ మాట నాకిస్తావా?" అన్నారు. మా నాయనమ్మ మాట అలా ఒక ఐరిష్ విధవరాలి నోట్లోకి వెళ్ళింది.

నాటకంలో ముసలావిడ నోరు తెరవదు. శవం కాళ్ళ దగ్గర నేల మీద నేను కూర్చుంటాను. ఆవిడ ఏడుపు నా వయొలిన్‌లో వస్తుంది. రిహార్సల్లో నేను శ్రావ్యంగా వాయించబోతే మాస్టారు చివరి వరసలోంచి "ఛీ!" అని అరిచేవారు. "బాగుంది కదండీ" అంటే, "బాగున్నందుకే. ఆ గొంతు ఏడిచి ఏడిచి బొంగురుపోయింది. దానికి పౌడరు రాయకు" అనేవారు. నటులందరికీ ఆ మాట అలవాటైంది. తెలుగు ఒక్క ముక్క రాని అమెరికన్లు ఒకళ్ళనొకళ్ళు "ఛీ" అనుకుంటుంటే మావారు పొట్ట పట్టుకుని నవ్వేవారు.

నాటకం ఆడింది. ఆ చిన్న కొట్టు ముందు మంచులో జనం నిలబడేవారు. చప్పట్లు కొట్టకుండా లేచి వెళ్ళిపోయేవారు కొందరు. మాస్టారికి అదే ఇష్టం.

అంతలో ఛైర్మన్ గారు వచ్చారు. పేరెందుకు? బీరు సరఫరా చేసే పెద్ద వ్యాపారి. తాతల కాలంలో ఐర్లండ్ నుంచి వచ్చిన కుటుంబం. నాటకం చూసి మాస్టారిని కౌగిలించుకుని ఏడ్చాడు. ఆ ఏడుపు నిజమే అనుకున్నాం. ఊరి నడిబొడ్డున పెద్ద హాలు తీసుకుంటానన్నాడు, కమిటీ వేసి తను ఛైర్మన్‌గా ఉంటానన్నాడు. మాస్టారికి కావలసింది రబ్బరు వాసన లేని గది, నటులకి జీతాలు. ఆయన పెట్టమన్నచోట సంతకం పెట్టారు. నాటకం ఇక ఆ కమిటీది.

ఆ తర్వాత జరిగింది ఒక్కరోజులో జరగలేదు. తేనె పూసి పూసి చేశారు. మొదట మా నాయనమ్మ మాట తీసేశారు, చర్చివాళ్ళు నొచ్చుకుంటారని. తర్వాత లైట్లు ఆకుపచ్చగా మారాయి. తర్వాత ముసలావిడకి ఒక తియ్యటి పాట ఇచ్చారు. చివరికి చావు ఇంటి మధ్యలోకి టకటకలాడే బూట్లతో ఎగిరే నాట్యగత్తెల బృందం.

"శవం ఉందయ్యా అక్కడ" అన్నారు మాస్టారు.

"జనం పిల్లల్ని తీసుకొస్తున్నారు. కాస్త సంతోషం ఉండాలి కదా" అన్నాడు ఛైర్మన్, భుజం మీద చెయ్యి వేసి. ఎప్పుడూ భుజం మీద చెయ్యి వేసే మాట్లాడేవాడు. ఆ చెయ్యి తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

నటులకి ఇళ్ళ అద్దెలున్నాయి. ఈ ఒక్క సీజన్ సర్దుకుపోదామన్నారు. వాళ్ళ మీద మాస్టారికి కోపం లేదు.

పండగ ఆదివారం మధ్యాహ్నం ఆట. గుమ్మం దగ్గర ప్రేక్షకులకి ఆకుపచ్చ టోపీలు పంచారు. మాకూ తెచ్చారు. మాస్టారు తనది తీసుకుని కుర్చీ కింద పెట్టారు. నేను చీర కొంగు తలమీదికి లాక్కుని "మా మతం ఒప్పుకోదు" అన్నాను. క్రైస్తవురాలినని వాళ్ళకేం తెలుసు?

చావు ఇంటి దృశ్యం వచ్చింది. పక్కన నాట్యగత్తెలు బూట్లు సర్దుకుంటున్నారు. వాళ్ళకి రావలసిన పాట ఎత్తుకోకుండా మాస్టారు పాత శోకం ఎత్తుకున్నారు, మొదట్లో టైర్ల కొట్టులో వాయించినది. నా వైపు చూడలేదు. నేను అందుకున్నాను. నాట్యగత్తెలు రాలేక ఆగిపోయారు. పక్కనుంచి ఛైర్మన్ చేతులూపుతున్నాడు. ఆయన వాయిస్తూనే ఉన్నారు. అప్పుడు హాల్లో ఎవరో తాళం వెయ్యడం మొదలెట్టారు. ఒకళ్ళని చూసి ఒకళ్ళు. హాలంతా టోపీలు ఊపుతూ, కాళ్ళతో నేల తంతూ. శవం పక్కన పెట్టే శోకానికి తాళం! పాటని వేగంగా లాగాలని చూశారు. ఆయన లొంగలేదు. వాళ్ళ తాళం ఒకవైపు, ఆ ఏడుపు ఒకవైపు.

మాస్టారు కమాను దించారు. ముందుకొచ్చి నిలబడి, హాలంతా ఒకసారి చూసి, "ఛీ!" అన్నారు.

అదేదో ఐరిష్ మాట అనుకున్నారు జనం. "ఛీ! ఛీ!" అని సంబరంగా తిరిగి అరిచారు. టోపీలు గాల్లోకి ఎగిరాయి.

మర్నాడు ఆయన్ని తీసేశారు. నాటకం మాత్రం ఏటేటా ఆడుతూనే ఉంది, పోస్టరు మీద ఆయన పేరు చిన్న అక్షరాల్లో. నా చోట ఒక రికార్డు పెట్టారు.

తర్వాత ఆయన ఫిడేలు పట్టుకుని ఏ బారుకీ వెళ్ళలేదు. బళ్ళల్లో, చర్చిల్లో పియానోలు శ్రుతి చేస్తూ బతికారు. ఈలోపు మేం షికాగో శివార్లలోని షామ్‌బర్గ్‌లో ఇల్లు కొనుక్కుని వెళ్ళిపోయాం. అప్పుడప్పుడు మావారు కారులో తీసుకొచ్చేవారు. అలా వచ్చినప్పుడే మా తెలుగు చర్చిలో క్రిస్మస్ నాటకం ఆయన చేతికి వచ్చింది.

పిల్లలు రేకుల రెక్కలు, దూది గడ్డాలు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. మాస్టారు అవన్నీ పక్కన పెట్టించి, తండ్రులని కూర్చోబెట్టి ఒక్కటే అడిగారు. "ఈ దేశం వచ్చిన కొత్తలో మీకు ఇల్లు ఇవ్వనన్నవాళ్ళు ఏ మాటలు అన్నారు?"

ఒకాయన, "ఫోన్లో ఖాళీ ఉందన్నాడండీ. వెళ్ళి నిలబడితే, ఇప్పుడే రెంట్‌కి ఇచ్చేశాం అన్నాడు" అన్నారు. మరొకాయన, "మా వంట స్మెల్ గోడలకి పడుతుందన్నారు" అన్నారు. ఒక్కొక్కటీ బయటికొచ్చింది. మాస్టారు ఆ తండ్రులనే సత్రం యజమానులుగా పెట్టి, వాళ్ళు పడ్డ మాటలనే వాళ్ళ నోట అనిపించారు. యోసేపూ నిండు గర్భిణి మరియా చోటు కోసం ఒక్కొక్క గుమ్మం ఎక్కి దిగాలి. మా అమ్మాయిది ఒక చిన్న సత్రంలో పిల్ల వేషం.

"అంకుల్, నేను 'రూమ్ లేడు' అనను. ఇట్స్ సో మీన్" అంది, వచ్చీరాని తెలుగులో.

"అయితే నీకు ఆ మాట ఎలా అనాలో తెలుసు. కష్టంగా అను" అన్నారు.

క్రిస్మస్ నాడు జనం మొదట నవ్వారు. మూడో గుమ్మం దగ్గర నవ్వు ఆగింది. ఎవరో ముక్కు చీదుకున్నారు. నా జీవితంలో చూసిన మంచి నాటకాల్లో అదొకటి.

ఆట అయ్యాక సంఘ పెద్ద ఒకాయన మావారిని పక్కకి పిలిచారు. "ఏంటండీ ఇది? క్రిస్మస్ పూట మన పరువు తీసే డ్రామానా? అమెరికన్ గెస్ట్‌లు వచ్చారు, వాళ్ళేమనుకుంటారు? గ్రాండ్‌గా ఉండొద్దా?"

"జరిగిందే కదండీ చూపించారు" అన్నారు మావారు.

"జరిగితే? అన్నీ చూపిస్తామా?"

మరుసటి ఏడు రేకుల రెక్కలు తిరిగొచ్చాయి. ఛైర్మన్ ఎవడో పరాయివాడు అనుకుని అసహ్యించుకోవడం తేలిక. మా బిర్యానీల మధ్య, మా పట్టుచీరల మధ్య ఆ ఛైర్మన్నే చూశాను. మాస్టారితో చెప్తే నవ్వి, "టోపీ ఏ రంగైతేనేం" అన్నారు. ఆయన నవ్వగలిగారు. నావల్ల కాలేదు.

ఇప్పుడు సంతాపసభ సంగతి. ఆ పెద్ద హాల్లోనే పెట్టారు. గుమ్మానికి ఆకుపచ్చ బెలూన్లు. ఐర్లండ్ నుంచి మాస్టారి అక్క వచ్చింది. పొట్టిగా, నల్లకోటులో, ఎండలో కూడా బొత్తాలన్నీ పెట్టుకుని. నేనే ఎయిర్‌పోర్ట్ నుంచి తీసుకొచ్చాను. ఎవరో ఆవిడ కోటుకి ఆకుపచ్చ రిబ్బను గుచ్చారు. "ఇదెందుకు?" అని నన్నడిగింది. విప్పి సంచిలో వేసుకుంది.

ఛైర్మన్ ముసలివాడయ్యాడు. వేదికెక్కి తన ప్రాణస్నేహితుడి గురించి చెప్పాడు. చెమ్మగిల్లిన కళ్ళతో, "చివరి శ్వాసలో కూడా ఆయన చేతిలో ఫిడేలు..." అన్నాడు.

"మేజోళ్ళు" అంది అక్క, కూర్చున్నచోటు నుంచే. గట్టిగా కాదు, స్పష్టంగా. "మా తమ్ముడు మేజోళ్ళు ఉతుక్కుంటున్నాడు."

హాలు గతుక్కుమంది. ఛైర్మన్ అదేదో చమత్కారమన్నట్టు నవ్వాడు. జనం నవ్వారు. చప్పట్లు కూడా కొట్టారు. తర్వాత ఈ హాలుకి మాస్టారి పేరు పెడుతున్నామని, నాటకాన్ని ఈసారి మరింత ఘనంగా వేస్తున్నామని ప్రకటించి, నన్ను వేదిక మీదికి పిలిచాడు. "ఆ శోకం ఒక్కసారి వాయించమ్మా, ఆయన ఆత్మశాంతికి." పక్కన నాట్యగత్తెలు బూట్లు కట్టుకుని ఉన్నారు.

"వాయించను" అన్నాను.

కిందికి దిగొచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఆయన కోసమమ్మా."

"చెయ్యి తియ్యండి" అన్నాను. తీశాడు. ఇంతకంటే పెద్ద మాట ఏదైనా అని ఉండాల్సిందని మావారు అన్నారు. నాకు అదే సరిపోయింది. అక్క లేచి నా మోచెయ్యి పట్టుకుంది. ముగ్గురం బయటికొచ్చాం. వెనక నుంచి ఆ టకటక బూట్ల చప్పుడు వినపడింది.

ఆవిణ్ణి మా ఇంటికే తీసుకొచ్చాం. అన్నం పెడితే కొంచెం తింది. పొద్దున్నే నేను కాఫీ పెడుతుంటే వెనక తలుపు తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. శనివారం. మా వీధిలో అన్ని ఇళ్ళూ ఒకేలా ఉంటాయి, గడ్డి ఒకే ఎత్తున ఉంటుంది. పక్కింటాయన మెషీన్‌తో గడ్డి కోస్తున్నాడు. అక్క పెరటి మధ్యలో నిలబడి, జుట్టు ముడి విప్పి, నోరు తెరిచింది.

అలాంటి ఏడుపు మా నాయనమ్మ తర్వాత నేను వినలేదు. బొంగురుగా, పొడవుగా, మధ్యమధ్య తమ్ముడి పేరు. మాటలు వాళ్ళ భాషలో. అర్థం కాలేదు, కానీ తిడుతోందో పొగుడుతోందో అడగాల్సిన పని లేదు. రెండూ.

పక్కింటి మెషీన్ ఆగిపోయింది. ఆయన కంచె దగ్గరికొచ్చాడు. "ఎవ్రీథింగ్ ఓకే?" అని నన్నడిగాడు.

"నో" అన్నాను. "ఆవిడ తమ్ముడు పోయాడు."

ఆయన ఇంట్లోకి వెళ్ళలేదు. మెషీన్ మళ్ళీ స్టార్ట్ చెయ్యలేదు. వెనక్కి వెళ్ళి, సగం కోసిన గడ్డిలో, పిడి మీద రెండు చేతులూ ఆనించి, తల వంచుకుని, ఆవిడ ఏడుపు అయ్యేదాకా అలాగే నిలబడ్డాడు.